బోర్డు అయినంక పోదాం మేడం

కొత్తగ ఉద్యోగంల చేరిన లెక్చరర్లు ఇప్పటికీ నాకు ఫోన్ చేస్తుంటరు. "మేడం, ఎండకాలం సెలవులల్ల పిల్లలను విదేశాలకు తోల్కపోతున్నం. మీరు పోయొచ్చిన్రు గద, జర జాగ్రత్తలు చెప్పుండ్రి" అంటరు. చెప్త. పాస్‌పోర్టులు పైలం అంట. మామిడికాయ తొక్కు సీసా మూతకు గట్టిగ టేపు సుట్టుమంట, లేకుంటే సూట్‌కేసుల ఉన్న బట్టలన్ని నూనె తాగుతయ్. గంతే చెప్పి పెట్టేస్త. అసలు చెప్పాల్సింది ఫోన్ల చెప్పేటట్టు ఉండది. గందుకే ఇక్కడ రాస్తున్న. ఓపిక ఉన్నోళ్లు చదువుండ్రి, లేనోళ్లు తొక్కు సీసా సంగతన్న యాదికి పెట్టుకోండ్రి.

నేను పుట్టి పెరిగింది శ్రీరాంపూర్ దిక్కు బొగ్గుబాయి కాలనీల. మా దిక్కు గనిని బాయి అంటరు. మా బాపు బాయిల పని చేసిండు, ఆయన తర్వాత మా తమ్ముడు చేసిండు. ఆ రోజులల్ల ఆడపిల్లలకు బాయి నౌకరి లేకుండె, అందుకని నన్ను చదువుకు తోలిన్రు. కరీంనగర్‌ల యూనివర్సిటీల సమాజశాస్త్రం పాఠాలు చెప్పుకుంట చెప్పుకుంట తల నెరిసింది. రిటైర్మెంటు దగ్గర పడ్డంక, మా యూనివర్సిటీకి యూరప్‌ల ఒక యూనివర్సిటీతోని ఒప్పందం అయింది. ఎండకాలం మన పిల్లలు కొందరు ఆడికి పోవాలె. జర్మనీ, బెల్జియం, ఫ్రాన్స్ బస్సుల తిరగాలె. బొగ్గుబాయిలు బంద్ అయిన ఊర్లు ఇప్పుడు ఎట్ల బతుకుతున్నయో సూడాలె. చివరికి తలా ఒక ఉపన్యాసం ఇయ్యాలె. బొగ్గు సంగతి గాబట్టి నన్ను పొమ్మన్నరు. నాకు తోడు ఒక కుర్ర లెక్చరర్‌ను పంపిన్రు. ఇంగ్లీషు గడగడ మాట్లాడుతడు, ప్రతి మలుపు కాడ ఫోటో దిగుతడు. మంచోడే గని, ఏడ నవ్వాలెనో ఏడ ఊకోవాలెనో తెల్వదు.

పిల్లలల్ల సగం మంది మా బొగ్గుబాయిల దిక్కోళ్లే. కొందరు మరమగ్గాలు నడిపేటోళ్ల బిడ్డలు. ఒకడు ఉట్నూర్ అవతలి గూడెం నుంచి వచ్చిండు, వానికి చలి అంటే లెక్కలేదు, మిగిలినోళ్లంత వణుకుతుంటే వాడు సగం చేతుల అంగీ మీద తిరిగేటోడు. అందరికంటే చురుకైంది మా కాలనీ పిల్లనే. మా పాత క్వార్టర్‌కు రెండు గల్లీల అవతల వాళ్ల ఇల్లు. ఆమె తండ్రి బాయిల పైకప్పు కూలకుంట దిమ్మెలు నిలవెట్టే పని చేసేటోడు. ఒక్కతే బిడ్డ.

బయల్దేరే పొద్దు ఆయన భార్యను తీస్కొని యూనివర్సిటీ గేటు కాడికి వచ్చిండు. గేటు నుంచి బస్సు దాక నడిచేసరికి ఒకటికి రెండుసార్లు నిలవడ్డడు. నిలవడ్డప్పుడల్ల చెట్ల దిక్కు సూసినట్టు చేసిండు, దమ్ము అందుతలేదని ఎవ్వలకు తెల్వొద్దని. నాకు తెల్వదా? మా బాపు గూడ గట్లనే ఆగి ఆకాశం దిక్కు సూసేటోడు.

"అక్కా, నువ్వు మన కాలనీ బిడ్డవేనట గద. మా పిల్ల చెప్పింది. ఇగ నాకు ఫికర్ లేదు" అన్నడు.

"నా సంగతి అటుంచు. నీ దమ్ము సంగతేందన్నా? మందులు వాడుతున్నవా?"

ఆయన నవ్విండు. "ఇప్పుడు మందులెందుకక్కా? బోర్డు దగ్గరవడ్డది."

గా ఒక్క మాటతోని నాకు మొత్తం అర్థమైంది. పక్కనున్న మా కుర్ర లెక్చరర్‌కు ఏం అర్థం గాలే. "ఏం బోర్డు మేడం? పరీక్షల బోర్డా?" అన్నడు. నీ తెలివి పాడుగాను అనుకున్న.

మీకు గూడ తెల్వకుంటే చెప్త. బాయిల పనిచేసేటోని పానం ఖరాబై, ఇగ వీడు పనికిరాడని డాక్టర్ల బోర్డు తేలిస్తే, వానికి అన్‌ఫిట్ అని రాస్తరు. వానికి ఇంక సర్వీసు మిగిలి ఉంటే, ఇంట్ల ఒక్కరికి నౌకరి వస్తది. వెనుకట కొడుకులకే ఉండె, ఇప్పుడు బిడ్డలకు గూడ ఇస్తున్నరు. రూలు మంచిదే, నేను తప్పు పట్ట. రోగం వచ్చినోని ఇల్లు ఆగం గావొద్దని పెట్టిన రూలు. గని ఆ రూలు మా కాలనీలల్ల ఇంకో తీరుగ మొలిసింది. మా దిక్కు ఇంటి పెద్దకు దగ్గు మొదలైతే ఇంట్లోళ్లు భయపడరు, లెక్కలేస్తరు. ఇంక సర్వీసు ఎంతున్నది, పిల్లల వయసెంత అని. ఫలానాయన అన్‌ఫిట్ అయిండట అంటే, "అబ్బ, ఆ ఇంటికి మంచిగైంది" అంటరు. మా బాపు అన్‌ఫిట్ కావాలని మా అవ్వ కొండగట్టు అంజన్నకు మొక్కింది. నేను పక్కన నిలవడి దండం పెట్టుకున్న. బాపు అన్‌ఫిట్ అయిండు, తమ్మునికి నౌకరొచ్చింది, బాపు ఎక్కువ కాలం బతుకలే. ఈ సంగతులను ఒకదాని పక్కన ఒకటి పెట్టి సూడాలని మా ఇంట్ల ఎవ్వలకు తోచలే.

సరే, పోయినం. జర్మనీల దిగంగనే పిల్లలకు అంత ఇంతగాదు సంబరం. రొట్టె, ఉడకవెట్టిన ఆలుగడ్డ, మల్ల ఆలుగడ్డ, మల్ల రొట్టె. రెండు పూటలు గడిసేసరికి తొక్కు సీసాలు బయటికొచ్చినయ్. మా బస్సు డ్రైవర్ ముక్కు ఎగవీల్చుకుంట, ఏంది గది అని అడిగితే, మా పోరగాండ్లు ఆయనకు గూడ రొట్టె మీద రాసిచ్చిన్రు. మొఖం ఎర్రగైంది గని, మరునాడు తనే చెయ్యి సాపిండు.

ఆడి యూనివర్సిటీ తరఫున మాతోని ఒక పెద్ద ప్రొఫెసరమ్మ తిరిగేది. నెమ్మదిగల్ల మనిషి. బొగ్గు మన్ను గుట్టలను పార్కులు చేసిన్రు, సూపెట్టింది. యంత్రాల షెడ్లల్ల పాటకచేరీలు పెడుతున్నరు, సూపెట్టింది. మా పిల్ల ప్రతి కాడ ప్రశ్న మీద ప్రశ్న. బాయి బంద్ అయినంక పనోళ్లు ఏం జేసిన్రు, వాళ్ల పిల్లలకు ఏం నౌకర్లు దొరికినయ్, ఎవ్వలు ఇచ్చిన్రు అని. ప్రొఫెసరమ్మ మురిసిపోయి, "ఈ అమ్మాయి ఉపన్యాసం కోసం చూస్తున్న" అన్నది. నాకైతే గర్వంతోని ఛాతీ పొంగింది. మా కాలనీ పిల్ల గద.

ఒక ఊర్ల బంద్ అయిన బాయిని మ్యూజియం చేసిన్రు. లోపటికి తోల్కపోయి సూపెట్టేది ఒక ముసలాయన, వెనుకట అదే బాయిల పనిచేసినోడు. తమాషా మనిషి. యంత్రం సప్పుడు నోటితోని చేసి సూపెట్టి పిల్లలను నవ్విచ్చిండు. నడుమల దగ్గొచ్చింది. దగ్గు ఆగలే. గోడకు ఆనుకొని, జేబులకెంచి పీల్చే మందు పంపు తీసి నోట్ల పెట్టుకొని కొట్టుకున్నడు. జరసేపు కండ్లు మూసుకొని నిలవడి, మల్ల నవ్విండు. "ఇది నా పెండ్లాం కంటే దగ్గరి మనిషి. దీన్ని ఇంట్ల మర్చిపోతే నేను మల్ల ఇంటికి చేరను" అన్నడు. అందరు నవ్విన్రు.

మా పిల్ల నవ్వలే. "నెలరోజులు అది లేకుంటే ఏమైతది?" అని అడిగింది.

ముసలాయనకు ప్రశ్న సమజ్ కాలే. మా లెక్చరర్ మల్ల చెప్పిండు. ఆయన తల అడ్డంగ ఊపి, "ఎందుకు లేకుంటది?" అన్నడు.

బయటికి రాంగనే ఆ పిల్ల నా చెయ్యి వట్టుకొని బస్సు ఎనుకకు గుంజుకపోయింది. భుజానికి ఉన్న బ్యాగు తెరిసి ఒక దస్తీ మూట ఇప్పింది. దాంట్ల పీల్చే మందు పంపులు, గోలీల అట్టలు.

"ఎవ్వలియ్యే ఇవి?"

"బాపువి మేడం."

"నువ్వెందుకు తెచ్చినవే పిల్లా?"

"బాపే ఇచ్చిండు. 'ఇవి ఇంట్లుంటే దమ్మొచ్చినప్పుడు నా చెయ్యి ఊకోదు బిడ్డా, బోర్డు అయ్యేదాక నువ్వే పట్టుకపో' అన్నడు. దూరం బోతున్న గద అని..."

నేను నెత్తి కొట్టుకున్న. మా దిక్కు ఆ పంపును మందు అనుకోరు, అలవాటు అనుకుంటరు. బీడీ లెక్క. పట్టుకుంటే ఇడువదు, మానేస్తే పట్టుదల ఉన్న మనిషి కింద లెక్క. ఆ పిల్ల గూడ గట్లనే అనుకున్నది. తండ్రి ఒక చెడ్డ అలవాటు మానుతున్నడు, తాను సాయం చేస్తున్న అనుకున్నది. డిగ్రీల ఫస్టు వచ్చిన పిల్ల. ఏం జెయ్యాలె, పుస్తకాలు మేము చెప్పినం, పంపు సంగతి కాలనీ చెప్పింది.

అక్కడికక్కడ ఇంటికి ఫోన్ కలిపించిన. పిల్ల ఏడ్సుకుంట, "బాపు, దుకాణంల కొత్త పంపు కొను, ఇప్పుడే కొట్టుకో" అన్నది. అవతల నుంచి ఈలేసినట్టు దమ్ము సప్పుడు. ఒక్క మాటకు ఒకసారి ఆగుతుండు.

"ఏందే పిచ్చిదానా... ఇన్నొద్దులు ఓర్సుకున్న... ఇంకెంత... ఈ వారమే గద."

నేను ఫోన్ గుంజుకున్న. "అన్నా, నేను చెప్తున్న ఇను. ఎక్స్‌రేల మచ్చలు ఏడికి పోవు. నువ్వు మందు వాడినా, వాడకున్నా నీ ఊపిరితిత్తులు ఖరాబైనయని అండ్ల కనవడుతది. మందు కొట్టుకో."

"ఎక్స్‌రే ఒక్కటే గాదక్కా. గొట్టంల ఊదిపిస్తరు. మందు కొట్టుకొని పోతే... మంచిగ ఊదుత. ఫిట్టు అని రాస్తరు. మా పక్క క్వార్టరాయనకు గట్లనే అయింది. ఆయన కొడుకు ఇప్పుడు ఆటో నడుపుతుండు."

"నడిపితే నడపనీ! పానం కంటే ఎక్కువనా? మా బాపు గూడ గిట్లనే చేసిండు, తెలుసా నీకు? ఎన్నొద్దులు బతికిండు?"

ఆయన జరసేపు దమ్ము తీసుకున్నడు. అటెన్క మెల్లగ అన్నడు. "మీ తమ్ముడు మంచిగ బతుకుతుండు గద అక్కా."

ఆయన భార్య ఫోన్ తీసుకొని, "నేను చెప్తే ఇంటడా మేడం? రాత్రంత కూసోనే ఉంటుండు, పండుకుంటే దమ్మాడుతలేదు" అని ఏడ్సింది. నువ్వన్న మందు కొనుక్కరా అంటే, "తెస్తె ఇసిరికొడుతడు" అన్నది.

"బిడ్డా, పోదాం. నేనే నిన్ను తోల్కపోత. నువ్వు ఎదురుంగ నిలవడితే ఇంటడు" అన్న ఆ పిల్లతోని.

మా లెక్చరర్ పరేషాన్ అయిండు. గ్రూపు టికెట్ అన్నడు, పర్మిషన్ అన్నడు, ఉపన్యాసం అన్నడు. నువ్వు జర ఊకో నాయినా అన్న. నేను పిల్ల మొఖమే సూస్తున్న. ఆమె బస్సు టైరుకు ఆనుకొని కూసున్నది. ఒడిల మందుల మూట. ఆమెకు బాపు కావాలె. నౌకరి గూడ కావాలె. ఎందుకు వద్దు? చదివినోళ్లకు దిక్కేది మన దగ్గర? ఇన్నొద్దులు ఆయన పడ్డ తిప్పలంత, మందు ముడితే ఉత్తగనే పోతది గద. గిదంత ఆ మొఖంల కనవడుతుండె.

"బోర్డు అయినంక పోదాం మేడం" అన్నది.

"అయ్యేదాక ఆగుతదానే ఆ దమ్ము?"

"ఇన్నొద్దులు ఆగింది గద మేడం. అయినంక తెల్లారే పోదాం. నేనే పంపు కొట్టిపిస్త."

నేను మల్ల మల్ల చెప్పి సూసిన. ఆ పిల్ల తల ఎత్తలే. పద్దెనిమిదేండ్లు నిండిన మనిషిని రెక్క వట్టి ఇమానం ఎక్కియ్యలేను. టికెట్లకు మాత్రం ఆ పొద్దే చెప్పి పెట్టిన. పిల్ల ఇంట్ల జబ్బు అని ప్రొఫెసరమ్మకు చెప్తే, పాపం కారణం అడగకుంటనే పని చేసిపెట్టింది.

అటెన్క బెల్జియం పోయినం. ఆ పిల్ల ప్రశ్నలు అడుగుడు మానేసింది. తినుడు గూడ మానేసింది. పొద్దున, మాపటీలి ఫోన్ చేసి దమ్ము సప్పుడు ఇనేది, గంతే.

బోర్డు పొద్దు మేము ఇంకో పాత బాయి కాడున్నం. అక్కడ పనోళ్లు తానం చేసే పెద్ద హాలు ఉన్నది. లోపటికి పోంగనే నాకు బుగులు పుట్టింది. వాళ్ల కాడ దండెలు, అలమారాలు లేవు. ఒక్కొక్కనికి ఒక గొలుసు. పనోడు తన బట్టలు కొండికి తగిలిచ్చి గొలుసు గుంజితే, బట్టలు పైకప్పు దాక పోతయి. బాయి బంద్ అయిన పొద్దు కొందరు బట్టలు దించుకోకుండనే పోయిన్రట. అవి ఇంక పైన గట్లనే ఏలాడుతున్నయ్. ప్యాంట్లు, కోట్లు, బూట్లు. ప్రొఫెసరమ్మ వాటి గురించి చెప్తుంటే మేము తలలెత్తి సూస్తున్నం.

గప్పుడు ఫోన్ మోగింది. వీడియో. పక్క పిల్ల ఫోన్ పట్టుకున్నది. తెర మీద తండ్రి మొఖం. పెదవులు నల్లగైనయ్, మెడకాడ నరాలు తేలినయ్, ఎనుక చుట్టాలు, దోస్తులు గుమికూడిన్రు. నవ్వుతుండు.

"బిడ్డా... అయింది... అన్‌ఫిట్టు."

గంతే. మా పిల్లలు ఒక్కసారి ఈలలు, చప్పట్లు. "కంగ్రాట్స్ అక్కా!" అని మొత్తుకున్నరు. ఒకడైతే ఎగిరిండు. మగ్గాలోళ్ల పిల్లలు గూడ కొట్టిన్రు, గూడెం పోరడు గూడ కొట్టిండు. నా చేతులు గూడ కలిసినయ్. కలిసినంకనే నాకు తెలిసింది. ఆ హాలంత చప్పట్లు మోగినయ్, పైనున్న గొలుసులు జర కదిలినట్టనిపిచ్చింది.

ప్రొఫెసరమ్మ నవ్వుకుంట దగ్గరికొచ్చి, ఏం శుభవార్త అని అడిగింది. మా లెక్చరర్ సంబరంగ చెప్పిండు, ఈ అమ్మాయి తండ్రి ఊపిరితిత్తులు పూర్తిగ పాడైనయని డాక్టర్లు తేల్చిన్రు అని.

ఆమె నవ్వు గట్లనే ఉండిపోయింది. తాను తప్పు ఇన్నదనుకొని మల్ల అడిగింది. మా లెక్చరర్ మల్ల చెప్పిండు, ఈసారి గొంతు జర తగ్గింది. ఆమె ఒక్కొక్కరి మొఖం సూసుకుంట పోయింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగినయ్. నౌకరి సంగతి, రూలు సంగతి చెప్పాలని నేను ముందుకొచ్చిన గని, ఇంగ్లీషుల చెప్పబోతే నోట్లకెంచి ఒక్క మాట బయటికి రాలే. నలపై ఏండ్లు సమాజశాస్త్రం చెప్పిన నోరది.

పిల్ల ఒక్కతే ఫోన్‌తోని మొత్తుకుంటుండె. "బాపు, అయిపోయింది గద, ఇగ మందు కొట్టుకో. ఇప్పుడే. నీకు దండం పెడుత."

"కొట్టుకుంట... మొక్కున్నది బిడ్డా... రేపు అంజన్నకాడికి పోయొచ్చి... అప్పుడు."

మరునాడు పొద్దుగాలనే నేను, ఆ పిల్ల ఇమానాల అడ్డకు పోయే రైలెక్కినం. మిగిలినోళ్లను మా లెక్చరర్‌కు అప్పజెప్పిన. పోయేటప్పుడు ఆయన ఫోటో దిగుదామనలే, నా సూట్‌కేసు మోసి రైల్ల పెట్టి, కండ్లు తుడుసుకుంట దిగిండు.

రైల్ల ఉండంగనే కొండగట్టు కింది నుంచి వీడియో ఫోన్ వచ్చింది. తండ్రి మెట్ల కాడ నిలవడ్డడు. పక్కన భార్య, బామ్మర్ది. ఎండ మండిపోతుంది అక్కడ.

"బాపు, ఆటో పోతది గద మీది దాక. ఆటో ఎక్కు."

"మెట్లెక్కి వస్తనని... మొక్కిన బిడ్డా... దేవుడు తన మాట నిలవెట్టుకున్నడు. నేను తప్పుతనా?"

"అన్నా, దేవునికి నేను జవాబు చెప్పుకుంట, నువ్వు ఆటో ఎక్కు!" అని రైల్ల అందరు తిరిగి సూసేటట్టు మొత్తుకున్న. ఆయన నవ్విండు. నా మాట తమాషకు తీసుకున్నడు. బామ్మర్దిని తిట్టిన, ఆపుమని. "ఆపితే ఆగుతలేడు మేడం, ఇయ్యాల పెండ్లికొడుకు లెక్కున్నడు" అన్నడు వాడు.

సగం మెట్ల కాడ కూలవడ్డడు. కింది దాక మోసుకొచ్చి, కరీంనగర్ ఆసుపత్రికి తెచ్చిన్రు.

మేము ఇమానం మారే కాడ, నా ఫోన్‌కు బామ్మర్ది చేసిండు. "మేడం, బావ పోయిండు. పిల్లకు చెప్పకుండ్రి. సీరియస్ ఉన్నదని చెప్పి తోల్కరాండ్రి." మా దిక్కు రివాజు గిది. సచ్చిపోయినోళ్లు దూరమున్నోళ్లకు ముందు సీరియస్ అయితరు, ఇంటి ముందటి టెంటు కనవడ్డంకనే సస్తరు. నేను ఆ రివాజు ఇడిసిపెట్టిన. ఈ పిల్లకు దాసిపెట్టినయి చాలు అనిపిచ్చింది. కుర్సీల కూసోవెట్టి, చెయ్యి పట్టుకొని, "బాపు లేడు బిడ్డా" అన్న.

ఆ పిల్ల ఏడ్వలే. చుట్టుపక్కల మనుషులు పెట్టెలు గుంజుకుంట పోతున్నరు. వాళ్లనే సూసి సూసి, "అవ్వ కాడ ఎవ్వలున్నరు మేడం?" అని అడిగింది.

దినాల పొద్దు పోయిన. టెంటు కింద జనం మస్తు. అందరిది ఒక్కటే మాట. "పోయినోడు పోయిండు గని, బిడ్డకు దారి సూపి పోయిండు." "మొక్కు చెల్లించుకుంట పోయిండు, పుణ్యాత్ముడు." ముసలోళ్లు ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి వెట్టి, అదృష్టవంతురాలివి బిడ్డా అన్నరు. ఆ మాటల ఎకసెక్కం లేదు. మనసార అన్నరు. గదే నాకు భరించరాలే, నీళ్లు గూడ తాగకుంట లేసొచ్చిన.

బోర్డు కాయిదం ఉన్నది, సావు కాయిదం ఉన్నది. ఏ కాయిదం మీద నౌకరిచ్చిన్రో నేను అడగలే. ఆలస్యం చెయ్యకుంట ఇచ్చిన్రు. ప్రొఫెసరమ్మ ఒకట్రెండు సార్లు ఉత్తరం రాసింది, ఉపన్యాసం ఎప్పుడన్న ఇయ్యొచ్చు, ఆన్‌లైన్ల గూడ ఇయ్యొచ్చని. ఆ పిల్ల జవాబు రాయలే. నేను రాసిన, ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని. దానికి ఆమె నుంచి జవాబు రాలే.

పిల్లలను తోల్కపోయేటోళ్లకు దీంట్ల ఏం జాగ్రత్త ఉన్నదని అడుగుతరేమో. ఉన్నదో లేదో నాకు తెల్వదు. ఎంత దూరం తోల్కపోయినా పిల్లలు ఇంటిని భుజానికేసుకొనే వస్తరు, గది మాత్రం సూసిన.

డ్యూటీల చేరే పొద్దు ఆ పిల్ల మా ఇంటికి వచ్చింది. అప్పటికి నేను రిటైరై శ్రీరాంపూర్ల తమ్ముని ఇంటి పక్కకే వచ్చిన. తలకు నూనె పెట్టి గట్టిగ జడేసుకున్నది, కాళ్లకు కంపెనీ బూట్లు. లోపటికి రమ్మంటే రాలే, అరుగు మీదనే కూసున్నది.

"అందరు కంగ్రాట్స్ అంటున్నరు మేడం. ఆఫీసుల సార్లు అన్నరు, గల్లీ మొత్తం అన్నది. మా అవ్వ గూడ నా ముందట ఏడుస్తలేదు, బిడ్డ బతుకు నిలవడ్డదంటది. మందులు పట్టుకపోయింది నేను. మీరు పోదామంటే, బోర్డు అయినంక అన్నది నేను. ఇంత చేస్తే, ఒక్కరు గూడ నన్ను ఏమంటలేరు. మీరన్న తిట్టుండ్రి మేడం. ఒక్కసారి తిట్టుండ్రి."

నేను నోరు తెరిసిన. ఏమని తిట్టాలె? ఆ ఇంట్ల చెడ్డోళ్లు ఒక్కరు లేరు. "బువ్వ తిన్నవా బిడ్డా?" అని మాత్రం అడిగిన. ఆ పిల్ల జరసేపు నా మొఖమే సూసి, డ్యూటీకి టైమైతుందని లేసి పోయింది.